కర్పూరమూ హెక్సేనూ ఒకే షెడ్డులో

పుంగనూరు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఇప్పటికీ వెనక బల్ల మీద నుంచి ఆ మాట వినిపిస్తుంది. "ఆయుధ పూజ ఆపిచ్చిన బాషా ఆయనే." నేను వెనక్కి తిరిగి, అవునప్పా నేనే అంటాను. వాళ్లు గ్లాసులోకి చూస్తారు. ఇన్నేళ్లుగా ఈ మాట నా వెంట తిరుగుతోంది. నేను పూజ ఆపలేదు. ప్లాంటు ఆపించాను. ఈ రెండింటికీ ఉన్న తేడా చెప్పాలనే కూర్చుని రాస్తున్నాను. ఆ తేడా కోసం నా ఉద్యోగం పోయింది. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ పోగొట్టుకుంటాను.

నా పేరు ఖాదర్ బాషా. మాది మదనపల్లె. మా నాయనకు బజారులో స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. కిరసనాయిలు వాసనలో పెరిగాను. కెమిస్ట్రీ చదివి, నూనె తీసే సాల్వెంట్ ప్లాంటులో షిఫ్ట్ కెమిస్టుగా చేరాను. మొదట మదనపల్లె పక్కన, తర్వాత చాలాకాలం పుంగనూరు దగ్గర, చివరికి కుప్పంలో పనిచేసి రిటైరయ్యాను. జీవితమంతా ఒకే ద్రవంతో కాపురం చేశాను. దాని పేరు హెక్సేన్, ప్లాంటులో సాల్వెంట్ అంటాం.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఇలాంటి ప్లాంట్లలో చేరుతున్నారు. సేఫ్టీ డిప్లొమా చేశామంటారు, చేతిలో ఫైలు ఉంటుంది. వాళ్లలో కొందరు నా దగ్గరికి వచ్చి, సార్ ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని అడుగుతారు. ఇంటర్వ్యూలో అడిగేవి నాకు తెలియదు. ఉద్యోగంలో అడిగేవి మాత్రం తెలుసు. అవి చెబుతాను.

నీళ్లలా ఉంటుంది, నీళ్లు కాదు

హెక్సేన్ పెట్రోలుకు దగ్గరి చుట్టం. చూడటానికి తేట నీళ్లలా ఉంటుంది. అరచేతిలో పోసుకుంటే చల్లగా తగిలి, మీరు చూస్తుండగానే ఎగిరిపోతుంది. చర్మం తెల్లగా పొడిబారి పోతుంది. పోసుకోమని చెప్పడం లేదు. మా తరంలో పోసుకున్నాం, మీరు పోసుకోవద్దు.

దీని గొప్పతనం ఏమిటంటే నూనె ఎక్కడ దాక్కున్నా బయటికి లాగేస్తుంది. చెనక్కాయలు ఎంత బిగించి గానుగ ఆడినా చెక్కలో కొంత నూనె మిగిలే ఉంటుంది. ఆ చెక్కను ఎక్స్‌ట్రాక్టర్ అనే పెద్ద యంత్రంలో వేసి పైనుంచి హెక్సేన్‌తో కడిగితే, ఆ మిగిలిన నూనె కూడా దానితో కలిసి కిందికి దిగుతుంది. తర్వాత వేడి చేస్తే నీళ్లు మరగడానికి చాలా ముందే హెక్సేన్ ఆవిరై పోతుంది, నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లబరిచి మళ్లీ అదే పనికి వాడతాం. నూనె తీసిన పిండి చౌడేపల్లె చుట్టుపక్కల పాడి ఆవులకు దాణాగా పోతుంది. కుప్పంలో చెనక్కాయ బదులు బంతిపూలు. ఎండబెట్టి పొడిచేసిన బంతిరేకుల్లోంచి ఇదే హెక్సేన్ రంగు లాగుతుంది. ఆ రంగు కోళ్ల దాణాలో కలుస్తుంది, గుడ్డులో సొన పచ్చగా వస్తుంది. ఇంత పనికొచ్చే వస్తువును తిట్టడానికి నాకు మనసు రాదు. దీన్ని అన్నం పెట్టే వస్తువు లాగే చూశాను.

కానీ దాని స్వభావం తెలియాలి. మంచుగడ్డ పక్కన పెట్టినా అంటుకోవడానికి సరిపోయేంత ఆవిరి దాని నుంచి లేస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు. నేల పట్టుకుని పాకుతుంది. మెట్లు దిగుతుంది, కాలవల్లో నడుస్తుంది, కేబుళ్ల గుంతల్లో కూర్చుంటుంది. గాలిలో కొంచెం కలిస్తే చాలు, ఒక నిప్పురవ్వ దొరికితే చాలు. మంట మొదలైన చోటు ఒకటి, హెక్సేన్ ఉన్న చోటు ఇంకొకటి కావచ్చు. మంట వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని చేరుకుంటుంది. అంటుకున్న తర్వాత నీళ్లు కొడితే హెక్సేన్ నీళ్ల మీద తేలుతూ, మండుతూ ఇంకో మూలకు పోతుంది. నురుగు కావాలి, పొడి కావాలి. బకెట్ పట్టుకుని పరిగెత్తేవాడు పక్కవాడి ప్రాణం మీదికి కూడా తెస్తాడు.

ఇదంతా పుస్తకంలో ఉంటుంది. నాకు దీన్ని ఒంటికి పట్టించింది మాత్రం నా మొదటి మేనేజరు నటరాజన్. గుడియాత్తం వైపు మనిషి. మనిషి కోపిష్టి, తెలుగు మాట్లాడితే సగం తమిళం దొర్లుతుంది. నేను చేరిన వారమే నన్ను ప్లాంటుకు దూరంగా ఖాళీ స్థలంలోకి పిలిచాడు. వాన నీళ్లు పోయే రేకు తూము ఒకటి తెచ్చి ఏటవాలుగా నిలబెట్టాడు. కింది కొసలో చిన్న దీపం వెలిగించాడు. పై కొసలో హెక్సేన్‌తో తడిపిన గుడ్డ పెట్టి, దూరంగా రమ్మన్నాడు. ఏమీ కనిపించలేదు. ఉన్నట్టుండి కింది దీపం దగ్గర నుంచి నీలంగా ఒక మంట తూము వెంబడి పైకి ఎక్కి గుడ్డను పట్టుకుంది.

"పాము కనిపిస్తే కర్ర తీస్తావు గదా తంబీ," అన్నాడు. "ఇది కనిపించదు. ఎప్పుడూ ఉండాదనే అనుకుని నడువు."

ఆయన నాకు ఇంక్రిమెంట్ ఏదీ ఇప్పించలేదు. ఈ మాట ఒక్కటే ఇచ్చాడు.

ముక్కు, కాళ్లు, తొందర

మీ ముక్కును నమ్మొద్దు. మొదటిరోజు హెక్సేన్ వాసన గేటు దగ్గరే తెలుస్తుంది. కొన్నాళ్లకు పక్కనే కారుతున్నా తెలియదు. "వాసన రాలేదు సార్" అనే మాటను నేను ఎవరి నోటి నుంచీ ఒప్పుకోలేదు. గ్యాసు మీటరు ఉంది, దాన్ని మెడలో వేసుకోవాలి, నేల దగ్గరికి వంగి చూడాలి. నడుము వంచని సేఫ్టీ ఆఫీసరు సేఫ్టీ ఆఫీసరు కాదు.

తొందరను అంతకంటే నమ్మొద్దు. చెన్నై నుంచి హెక్సేన్ తెచ్చే ట్యాంకరు డ్రైవర్లు ఎప్పుడూ తొందరలోనే ఉంటారు. ద్రవం పైపులో పారుతుంటే కరెంటు పుడుతుంది. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడుతుందే, అదే. ఆ కరెంటు నేలలోకి దిగిపోవడానికి ట్యాంకరుకు రాగి తీగ తగిలించాలి. ఒకసారి మా క్లిప్పు తుప్పు పట్టి ఉంది. కొత్తది తెచ్చేదాకా పైపు తగిలించనివ్వలేదు. డ్రైవరు అన్నాడు, "ఎన్ని ఊర్లలో దించినానో సార్, యాడా తీగ అడగలేదు." నేను అన్నాను, "అడగని ఊరికే తీసకపో." నిజంగానే ట్యాంకరు వెనక్కి తిప్పాడు. ఓనరు దగ్గర నుంచి నాకు ఫోను వచ్చింది. ఆ ఫోను ఎత్తి కూడా అదే మాట అన్నాను. సాయంత్రానికి క్లిప్పు వచ్చింది, ట్యాంకరూ వచ్చింది.

నిప్పు ఒక్కటే అపాయమనుకోకండి. ఇది చివరి రోజుల్లో కుప్పంలో జరిగింది. లాబొరేటరీలో మంజుల అనే అమ్మాయి పనిచేసేది. ఏసీ గది, కిటికీలు మూసి ఉండేవి. గాజు సామాన్లన్నీ ఒట్టి చేతులతో హెక్సేన్‌లో కడిగేది. కొన్ని నెలలకు కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదంది. షుగరేమో అని ఆఫీసులో ఒకరు, సరిగ్గా తినడం లేదని ఇంకొకరు. అమ్మాయి కాబట్టి తినడం లేదనే మాట తొందరగా దొరుకుతుంది. నేను ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోయి, ఈ బిడ్డ రోజూ పీల్చేది ఇది అని చెప్పాను. హెక్సేన్ ఎక్కువకాలం ఒంట్లోకి పోతే నరాలను తినేస్తుంది, ముందు కాళ్లతో మొదలుపెడుతుంది. ఆమెను ఆ గది నుంచి మార్పించి, కిటికీలు తెరిపించి, ఆవిరిని బయటికి లాగే గొట్టం పెట్టించేదాకా మేనేజరును ఊపిరి తీసుకోనివ్వలేదు. నెమ్మదిగా ఆమెకు కాళ్లలో స్పర్శ వచ్చింది. "సార్, రాయి గుచ్చుకునింది" అని నవ్వుతూ చెప్పిన రోజు నాకు బాగా గుర్తు.

పుంగనూరు ప్లాంటు

ఇక అసలు సంగతి. పుంగనూరు ప్లాంటు ఓనరు ముని రెడ్డెప్ప. చౌడేపల్లె దారిలో వాళ్లకు పొలాలు, చెనక్కాయ వ్యాపారం ఉండేవి. దాంట్లోంచే ప్లాంటు పెట్టాడు. చెడ్డవాడని చెప్పను. పనివాళ్ల ఇంట్లో పెళ్లికి స్వయంగా వచ్చి కూర్చుని భోంచేసే మనిషి. కానీ సీజన్లో ప్లాంటు ఆగిందంటే ఆయనకు గుండె ఆగినట్టే. నన్ను బాషా అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ణి.

నేను అక్కడ సేఫ్టీ చూసేవాణ్ణి. ఎక్స్‌ట్రాక్టర్ ఉన్న షెడ్డు చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. ఆ కంచె లోపలికి బీడీ, సెల్‌ఫోను, మేకులున్న చెప్పులు ఏవీ రాకూడదు. లోపల సుత్తులు కూడా ఇత్తడివే, ఇనుముకు ఇనుము తగిలి రవ్వ పుట్టకూడదని. నేను చేరిన కొత్తలో ప్రతి గురువారం ఒక ఫకీరు ఊదు పాత్ర పట్టుకుని వచ్చేవాడు. పుంగనూరు అంగళ్లన్నింటికీ సాంబ్రాణి పొగ వేసి, అలాగే మా ప్లాంటుకూ వచ్చేవాడు. రెడ్డెప్పకు ఆ పొగ అంటే నమ్మకం. పాత్రలో ఎర్రటి బొగ్గులు. నేను కంచె దగ్గర అడ్డం నిలబడ్డాను.

"బర్కత్ కో రోక్తా క్యా రే?" అన్నాడు ఫకీరు. ఇంటికొచ్చే శుభాన్ని ఆపుతావా అని.

ఆఫీసు గది దాకా రమ్మన్నాను, కంచె లోపలికి వద్దన్నాను. ఆ వారం మా వీధిలో కొందరు నాతో మాట్లాడలేదు. నాకేమీ కాలేదు. ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, తర్వాత నన్ను తిట్టినవాళ్లెవరికీ ఇది గుర్తు రాలేదు.

ప్రతి ఏడూ ఆయుధ పూజ గేటు దగ్గరే జరిగేది. ఇత్తడి స్పానర్లు, సుత్తులు కడిగి వరసగా పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, గేటు ముందు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి పగలగొట్టేవాళ్లు. బొరుగులు, పప్పులు, బెల్లం అందరికీ పంచేవాళ్లు. నేనూ జేబుల నిండా తెచ్చుకుని పిల్లలకిచ్చేవాణ్ణి. ఎక్స్‌ట్రాక్టర్ దగ్గరికి మాత్రం కుంకుమ తప్ప ఏదీ పోయేది కాదు.

ఆ ఏడు పండగకు ముందు, శీనప్ప కుడిచేతి వేళ్లు పోయాయి. పిండిని మోసుకుపోయే స్క్రూ కన్వేయర్‌లో. పిండి గడ్డ కడుతుంటే చేత్తో కదిలించబోయాడు. ఆ కన్వేయర్ మీద రేకు మూత ఉండాలి. గడ్డలు తీయడానికి మాటిమాటికీ ఆపి బోల్టులు విప్పడం ఆలస్యమని మూత తీసేసి నడపమన్నారు. ఎవరు అన్నారో ప్లాంటులో అందరికీ తెలుసు. మూత పెట్టమని నేను చెప్పడం, సీజన్ అయ్యాక చూద్దామని రెడ్డెప్ప అనడం రోజూ జరిగేదే.

శీనప్ప అన్న గంగులప్ప మా సీనియర్ ఆపరేటరు. ఎక్స్‌ట్రాక్టర్ ఆయన చేతి మీదే నడిచేది. నాకు ప్లాంటులో అందరికంటే దగ్గరి మనిషి. తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్పించి వచ్చిన మర్నాడు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈసారి పూజ ఎక్స్‌ట్రాక్టర్ కాడ సేస్తాం సార్."

"కుంకుమ పెట్టుకోండప్పా, ఎప్పుడూ పెడతాండారు గదా."

"కర్పూరంతో. గుమ్మడికాయతో. మిషన్ కాడ పెట్టాల్సిన పూజ గేటు కాడ పెడితే మిషన్‌కి ఎట్ల సేరుతాది? నా తమ్ముని సెయ్యి తినింది మిషన్, గేటు కాదు."

అది కుదరదని చెప్పాను. ఎందుకు కుదరదో ఆయనకు తెలుసు. నా కంటే ఎక్కువ ఏళ్లు ఆయన ఆ వాసనలో ఉన్నాడు. కానీ రక్తం చూసి వచ్చిన మనిషికి ఆవిరి బరువు గురించి చెబితే ఎక్కుతుందా.

"మా పూజకి యాల అడ్డం పడతాండావు సార్? మీ పండగైతే ఇట్లనే అంటావా?"

ఇన్నేళ్ల స్నేహంలో ఆయన నన్ను మీ, మా అని విడదీసి మాట్లాడింది అదే మొదటిసారి. నాకు బాధ కలిగింది. కోపం కూడా వచ్చింది. ఫకీరు సంగతి గుర్తుచేయాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. నేను ఎవరి పక్షమో రుజువు చేసుకోవడం మొదలుపెడితే ఇక ఆ కంచె దగ్గర నా మాట చెల్లదు. మీరెవరైనా సరే, ఏ ఇంట్లో పుట్టినా సరే, ఈ ఉద్యోగంలో ఏదో ఒకరోజు ఆ ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పకండి. నిప్పు గురించే మాట్లాడండి.

ఒక్క నిమిషం కర్పూరం

పనివాళ్లు నేరుగా రెడ్డెప్ప దగ్గరికి పోయారు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. చూడండి, కన్వేయర్ మూత గురించి ఒప్పుకోని మనిషి కర్పూరానికి ఒప్పుకున్నాడు. పూజ చేయిస్తే శీనప్ప వేళ్ల మాట అక్కడితో అయిపోతుందని ఆయన లెక్క. నన్ను పిలిపించాడు.

"ఒక్క నిమిసం కర్పూరం బాషా. నిమిసానికి ఏమయిపోతాది? పనోళ్ల మనసు నిలబడతాది."

"ప్లాంటు ఆపుదాం అన్నా. సాల్వెంట్ అంతా భూమిలో ట్యాంకుకి దించేసి, నీటి ఆవిరి పట్టి కడిగేసి, మూతలు తెరిచి గాలి కొట్టిద్దాం. ఆ తర్వాత ఎంత కర్పూరమైనా ఎలిగించుకోండి. నేనే అంగడికి పోయి తెస్తా."

"రెండు మూడు దినాలు పడతాది."

"పడతాది."

"సీజన్లోనా? నీకు మతి ఉండాదా?"

"అట్లయితే గేటు కాడ."

"నడస్తానే ఉంటాది, లోపలే సేస్తారు," అన్నాడు రెడ్డెప్ప. "నీకు ఇష్టం లేకుంటే ఆ పొద్దు సెలవు పెట్టు."

ఈ చివరి మాట బాగా వినండి. మీకు కూడా ఎవరో ఒకరు ఇదే మాట అంటారు. సెలవు పెట్టుకో, నీ మీదికి రాదు అంటారు. అది చాలా మర్యాదగా చెప్పే మాట. ఆ షెడ్డులో పండగ పూట షిఫ్టులు రెండూ కలిసి ఉంటాయి. పెళ్లాలు పిల్లలు కూడా బొరుగులకు వస్తారు. ఎక్స్‌ట్రాక్టర్ పక్కనే కేబుళ్ల గుంత, పంపు సీళ్ల దగ్గర ఎప్పుడూ ఉండే హెక్సేన్ చెమ్మ. ఏమీ కాకపోవచ్చు. నూటికి తొంభైసార్లు ఏమీ కాకపోవచ్చు. మిగిలిన పదిసార్లు ఏమవుతుందో నాకు తెలుసు. నేను ఇంట్లో సెలవులో ఉంటాను. మా ఇంటిదాన్నీ పిల్లల్నీ ఆ షెడ్డులో నిలబెట్టి చూసుకున్నాను. గంగులప్ప పెళ్లాన్నీ నిలబెట్టి చూసుకున్నాను.

సెలవు పెట్టను అన్నాను. పెట్టకపోతే ఏమవుతుందో నువ్వే తెలుసుకో అన్నాడు.

రేకు తూము

షిఫ్టు మారే సమయానికి అందరినీ కంచెకు చాలా దూరంగా, గోడౌను వెనక మైదానంలోకి రమ్మన్నాను. సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గంగులప్ప వచ్చాడు, అందరికంటే వెనక నిలబడ్డాడు.

షెడ్డు మీద నుంచి తీసేసిన పాత తూము ఒకటి పడి ఉంటే, దాన్ని రాళ్ల మీద ఏటవాలుగా ఆనించాను. అప్పట్లో నటరాజన్ దీపం పెట్టాడు, నేను కర్పూరం పెట్టాను. పళ్లెంలో, తమలపాకు మీద, సరిగ్గా పూజకు పెట్టినట్టే. పై కొసలో తడి గుడ్డ పెట్టి అందరినీ వెనక్కి జరగమన్నాను. ఎవరో ఒకరు నవ్వారు. కర్పూరం చక్కగా వెలుగుతూ ఉంది.

తర్వాత మంట తూము ఎక్కింది. భగ్గుమని గుడ్డ అంటుకుంది. వెనక వరసలోని ఆడవాళ్లు చప్పున అడుగు వెనక్కి వేశారు.

"ఈడ ఒక గుడ్డ," అన్నాను. "ఆడ ట్యాంకులు. ఆడ మీ పిల్లోళ్లు ఉంటారు. పూజ వద్దని నేను సెప్పలేదు. సెప్పను. ప్లాంటు ఆపి సెయ్యమంటాండా. ఓనరు ఆపనంటాండాడు. యాల ఆపడో ఆయన్నే అడగండి. కన్వేయర్ మూత యాల పెట్టలేదో అది కూడా అడగండి."

సేఫ్టీ ఆఫీసరు ఇలా మాట్లాడకూడదని నాకు తెలుసు. యాజమాన్యానికీ పనివాళ్లకూ నడుమ నిప్పు పెట్టానని తర్వాత నా మీద రాశారు. పెట్టాను. ఆ నిప్పుతో ఎవరూ కాలిపోలేదు.

గంగులప్ప ముందుకు వచ్చి తూము దగ్గర కూర్చుని, ఆరిపోయిన గుడ్డను కర్రతో కదిలించాడు. తర్వాత లేచి, నన్ను కాదు, మిగతావాళ్లను చూసి అన్నాడు.

"మిషన్‌కి పూజ సేస్తాండాం. మిషన్‌కి ఆ పొద్దన్నా విశ్రాంతి ఇయ్యద్దా? ఆపితేనే పూజ. ఆపకుంటే మనమూ పని సెయ్యం."

ఈ మాట నాకు తట్టలేదు. నేను ఆవిరి గురించి ఎంత చెప్పినా రానిది ఆయన ఒక్క ముక్కలో తెచ్చాడు. ఆయుధ పూజ రోజు రైతు నాగలి కట్టడు, మంగలి కత్తి పట్టడు. ఆ రోజు పనిముట్టుకు సెలవు. ఈ వాడుక పుట్టినప్పటి నుంచి తెలిసిన వాళ్లం అందరం, సీజన్ పేరుతో దాన్ని మరిచిపోయాం. మన జనం మూఢులు, వాళ్లకు చెప్పినా అర్థం కాదు అనే సేఫ్టీ ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల దగ్గర పని నేర్చుకోకండి.

మర్నాడు పొద్దున పనివాళ్లంతా రెడ్డెప్ప ఆఫీసు ముందు కూర్చున్నారు. ఎండ ఎక్కే వేళకు ఆయన బయటికి వచ్చి, ఆపండి అన్నాడు. అన్నప్పుడు నా వైపే చూశాడు.

పూజ

చెక్క వేయడం ఆపి, ఎక్స్‌ట్రాక్టర్ ఖాళీ చేశాం. సాల్వెంట్ అంతా భూమి లోపలి ట్యాంకుకు దించి వాల్వులు బిగించి, పైపులకు అడ్డు రేకులు వేశాం. లోపలంతా నీటి ఆవిరి పట్టాం. మూతలు తెరిచి ఫ్యానుతో గాలి కొట్టాం. వెల్డింగు చేయించే ముందు ఏమేమి చేస్తామో అన్నీ చేశాం. కర్పూరానికి వెల్డింగు పర్మిట్ ఇచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఈ దేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఖాళీలోనే గంగులప్ప కన్వేయర్‌కు కొత్త మూత కొట్టించి, బోల్టులన్నీ తన చేత్తో బిగించాడు. ఎవరినీ అడగలేదు. ఎవరూ వద్దనలేదు.

పండగ పొద్దున మీటరు పట్టుకుని అంగుళం అంగుళం తిరిగాను. ఎక్స్‌ట్రాక్టర్ లోపల, కింద, కేబుళ్ల గుంతలో, కాలవలో. ఎక్కడా ముల్లు కదల్లేదు. షెడ్డు నిండా జనం. శీనప్ప కట్టుతో వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. యంత్రం అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి గంగులప్ప చేతిలోకి తీసుకున్నాడు. పూజారి అగ్గిపెట్టె తీశాడు.

పూజారి పుల్ల గీయలేదు. నన్ను చూశాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్లుగా ఆ షెడ్డులో అగ్గిపెట్టె చూస్తే ఉద్యోగం పోతుందని వాళ్లకు నేర్పింది నేనే.

"నువ్వే ఎలిగిచ్చు సార్," అన్నాడు గంగులప్ప. "గ్యాసు లేదని సెప్పింది నువ్వు. నువ్వు ఎలిగిస్తేనే మాకు నమ్మకం."

మీటరు ఇంకోసారి చూశాను. పూజారి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, ఎక్స్‌ట్రాక్టర్ పక్కన నిలబడి, పుల్ల గీశాను. కర్పూరం అంటుకుంది. గంగులప్ప గుమ్మడికాయను యంత్రం చుట్టూ, కొత్త మూత చుట్టూ, ఆఖరున తమ్ముడి చుట్టూ తిప్పి బయటికి తీసుకుపోయి పగలగొట్టాడు. నేను బొరుగులు తిన్నాను.

పండగ అయిన వారానికి రెడ్డెప్ప నన్ను ఇక రావద్దన్నాడు. కారణం అడిగితే ప్లాంటు నాదా ఆయనదా తేలాలి అన్నాడు. చెల్లాల్సింది చెల్లించాడు, తిట్టలేదు. మూత మాత్రం ఊడదీయలేకపోయాడు, గంగులప్ప ఊడదీయనివ్వలేదు. నేను కొన్నాళ్లు ఖాళీగా ఉండి కుప్పం పోయాను.

కుప్పం పోయే ముందు ఒక శుక్రవారం, నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటుంటే, మా వీధి పెద్దాయన పిలిచాడు. మా నాయన స్నేహితుడు. ఆయన ముందు నేను ఎప్పుడూ గొంతు పెంచింది లేదు.

"కర్పూరం ఎలిగిచ్చినావంట గదప్పా? నీ సేత్తోనే?"

"నిజమే."

"యాల? పూజారి ఉండాడు, వాళ్లోళ్లు అంతమంది ఉండారు. నువ్వే యాల ఎలిగియ్యల్ల?"

"లోపల గ్యాసు లేదని సెప్పింది నేను," అన్నాను. "నా మాట నమ్మి ఆడ ఆడోళ్లు, పిల్లోళ్లు నిలబడినారు. అగ్గిపుల్ల ఇంకొకరి సేతికిచ్చి, నేను పోయి గేటు కాడ నిలబడల్నా?"

ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"గేటు కాడికి పోలేదు గదా?"

"పోలేదు."

"అట్లయితే పో, అన్నం తిను," అన్నాడు.